బ్రౌజర్ తెరుచుకుంటోంది... ఆఫీసు తెరుచుకోవట్లేదు!

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం పగలు కాదు, రాత్రిపూట చైత్ర వెన్నెల్లో జరుగుతుంది. దానికోసం మీరు బెంగళూరు నుంచి ఊరికి వచ్చారనుకోండి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు. రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తానని మేనేజర్‌ను బతిమాలి ఒప్పించారు. పొద్దున తొమ్మిదిన్నరకు మిద్దె మీది గదిలో కూర్చుని ఆఫీసు లాప్‌టాప్ తెరిచారు. ఇంటర్నెట్ బాగానే ఉంది. మెయిల్ వస్తోంది, వార్తల సైట్లు తెరుచుకుంటున్నాయి. ఆఫీసులోని మీ డెస్క్‌టాప్‌ను అందుకుందామని రిమోట్ డెస్క్‌టాప్ నొక్కితే మాత్రం ఒక బాక్స్ ప్రత్యక్షమైంది. గేట్‌వే సర్వర్ తాత్కాలికంగా అందుబాటులో లేదట, కాసేపాగి ప్రయత్నించాలట.

ఆగారు. పదిన్నరైంది. అదే బాక్స్. పదకొండున్నరైంది. ఇంకా 'తాత్కాలికమే'. కింద నుంచి అమ్మ టిఫినుకు పిలుస్తోంది. చాట్‌లో మేనేజర్ 'స్టేటస్?' అని ఒక్క ముక్క అడిగారు. మీరు 'సార్, రిమోట్ పనిచేయట్లేదు' అని కొట్టారు.

మీకు నిజంగా కష్టం వచ్చిపడింది అక్కడే. సర్వర్ దగ్గర కాదు, ఆ మూడు మాటల జవాబు దగ్గర. అందులో అవతలివారికి పనికొచ్చే సమాచారం ఏమీ లేదు. ఏది పనిచేయట్లేదు? ఎప్పటి నుంచి? ఎంతవరకు పోయి ఆగింది? మీరేం చూశారు? ఏదీ లేదు. మేనేజర్ మనసులో మాత్రం ఒక మాట పడిపోతుంది: 'ఊరికి పంపితే ఇంతే. ఈసారి అడిగితే కుదరదని చెప్పాలి.' బెంగళూరులో పీజీ అద్దె, మెస్ బిల్లు కట్టి జీతంలో ఏం మిగులుతుందో లెక్క వేసుకున్న ఫ్రెషర్‌కు ఆ మాట విలువెంతో మేం చెప్పక్కర్లేదు.

ఇంటి నుంచి పని అనేది ఎవరో మనకు రాసిచ్చిన హక్కు కాదన్నది గుర్తుంచుకోండి. 2020కి ముందు కాల్‌సెంటర్లు, బీపీవోల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు అడ్డొచ్చేవి. లాక్‌డౌన్ దెబ్బకు ఆ ఏడాది మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించారు. నవంబరులో నిబంధనలనే తిరగరాశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో టీసీఎస్, 2025 నాటికి తమ సిబ్బందిలో 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలంది. 2023 వచ్చేసరికి అదే కంపెనీ అందర్నీ ఆఫీసుకు రమ్మంది. ఒప్పుకోవడం, వెనక్కి తీసుకోవడం రెండూ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఊళ్లో ఉన్నా పని ఆగదని మీరు చూపించగలిగినన్నాళ్లే ఆ సౌకర్యం మీది. అందుకే రిమోట్ డెస్క్‌టాప్ ఎక్కడ ఆగిందో కనిపెట్టే విద్యను 'అది ఐటీ వాళ్ల పని' అని వదిలేయొద్దంటున్నాం. నెట్‌వర్క్ ఉద్యోగం కోరేవారికే కాదు, టెస్టింగ్, అకౌంట్స్, డేటా ఎంట్రీ ఉద్యోగాల్లోకి వెళ్లేవారికి కూడా ఇది కావాలి.

ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం. ప్రాక్సీ అనే మాట మీకు కొత్త కాదు. అటెండెన్స్ వేళ మీ బదులు 'ప్రెజెంట్ సార్' అన్న స్నేహితుడే ప్రాక్సీ. ఆఫీసు ప్రాక్సీ సర్వర్ చేసేదీ అలాంటి పనే. మీ బ్రౌజర్ ఒక సైట్ కావాలని అడిగితే, మీ బదులు అది వెళ్లి తెచ్చిస్తుంది. అవతలి సైటుకు కనిపించేది మీరు కాదు, ప్రాక్సీ. తేడా ఏమిటంటే ఈ స్నేహితుడు చాలా నిక్కచ్చి మనిషి. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎప్పుడు అడిగారు అన్నీ రాసిపెట్టుకుంటాడు. కొన్నింటికి 'వెళ్లను' అని మొహం మీదే చెప్పేస్తాడు.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు ఈ స్నేహితుడితో సహజంగా పరిచయం లేదు. అది అవతలి కంప్యూటర్ 3389 పోర్టును నేరుగా తట్టాలని చూస్తుంది. వెబ్ ప్రాక్సీ మామూలుగా తీసుకెళ్లేది బ్రౌజర్ మాట్లాడే భాషనే. ఎన్‌క్రిప్ట్ అయిన సైట్ల కోసం 'కనెక్ట్' అనే ఒక పద్ధతి ఉంది. 'నన్ను ఫలానా చోటికి కలిపి, నువ్వు పక్కకు తప్పుకో' అని ప్రాక్సీకి చెప్పడమన్నమాట. అయితే దాన్ని కూడా చాలాచోట్ల 443 పోర్టుకే పరిమితం చేస్తారు. ఎక్కువమంది వాడే స్క్విడ్ ప్రాక్సీ ఇన్‌స్టాల్ చేసిన వెంటనే అలాగే ఉంటుంది. 3389కి కలపమంటే కుదరదంటుంది. కాబట్టి 'నెట్ వస్తోంది కదా, రిమోట్ ఎందుకు రాదు?' అన్న ప్రశ్నలోనే పొరపాటుంది. ఆ రెండూ వేర్వేరు దారుల్లో పోతున్నాయి.

ఈ ఇబ్బంది తప్పించడానికే కంపెనీలు రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే పెట్టుకుంటాయి. మీ కనెక్షన్ 443 మీద, మామూలు సురక్షిత వెబ్ ట్రాఫిక్‌లాగా గేట్‌వే దాకా వెళ్తుంది. అక్కడి నుంచి లోపలున్న మీ డెస్క్‌టాప్‌కు 3389 మీద వెళ్లే బాధ్యత గేట్‌వేది. ఇప్పుడు మీ దారిలో నాలుగు మజిలీలున్నాయి: లాప్‌టాప్, ప్రాక్సీ, గేట్‌వే, డెస్క్‌టాప్. ఏ మజిలీ దగ్గర ఆగిందో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

మొదట చేయాల్సింది తెర మీది మాటను పూర్తిగా చదవడం. నవ్వొద్దు, ఎక్కువమంది చేయనిది ఇదే. రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చే ఎర్రర్లు అన్నీ ఒకటి కాదు. 'రిమోట్ యాక్సెస్ ఆన్ చేయలేదు, లేదా ఆ కంప్యూటర్ ఆఫ్‌లో ఉంది, లేదా నెట్‌వర్క్‌లో లేదు' అంటూ మూడు కారణాలు చెబితే, మీ లాప్‌టాప్ గేట్‌వేను వాడకుండా నేరుగా వెళ్లబోయిందేమో అనుమానించాలి. సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో గేట్‌వే పేరు ఉందో లేదో చూడండి. 'లోకల్ అడ్రస్‌లకు గేట్‌వే వద్దు' అనే టిక్ కూడా అక్కడే ఉంటుంది. అదీ గమనించండి. మన కథలోలా గేట్‌వే అందట్లేదంటే తగువు మొదటి రెండు మజిలీల మధ్యో, గేట్‌వే గుమ్మంలోనో ఉంది. పాస్‌వర్డ్ అడిగి, తీసుకుని, ఆ తర్వాత కాదంటే నెట్‌వర్క్ చాలావరకు బాగున్నట్టే. ఇక చూడాల్సింది అకౌంటు, అనుమతులు. ఆ ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్ తీసి, టైము రాసి పెట్టుకోండి.

తర్వాత పేరు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి గేట్‌వే పేరు ఇస్తే ఒక ఐపీ అడ్రస్ రావాలి. పేరే దొరక్కపోతే డీఎన్ఎస్ గొడవ. వీపీఎన్ మీద పనిచేసే కంపెనీల్లో వీపీఎన్ కలవకపోయినా ఇలాగే అవుతుంది. పేరు దొరికితే తలుపు తట్టి చూడాలి. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్‌కు గేట్‌వే పేరు, పోర్ట్ 443 ఇవ్వండి. చివర్లో 'ట్రూ' అనో 'ఫాల్స్' అనో వస్తుంది. పింగ్ చేసి జవాబు రాలేదని సర్వర్ చచ్చిపోయిందని తేల్చేయకండి. పింగ్‌కు జవాబివ్వొద్దని చాలా సర్వర్లకు ముందే చెప్పిపెడతారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ కమాండ్ ప్రాక్సీ గుండా వెళ్లదు, నేరుగా వెళ్తుంది. దానికి 'ట్రూ' వచ్చి, రిమోట్ డెస్క్‌టాప్‌కు మాత్రం రాలేదంటే మధ్యలో ఉన్నదాని మీదికి, అంటే ప్రాక్సీ మీదికి చూపు తిప్పాలి. అదే గేట్‌వే అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొట్టి చూడండి. బ్రౌజర్ ప్రాక్సీ గుండానే వెళ్తుంది కాబట్టి, అడ్డు ఉంటే 'ఈ సైటుకు అనుమతి లేదు' అనే కంపెనీ పేజీ కనిపించవచ్చు. 407 అనే నంబరు కనిపిస్తే ప్రాక్సీ మిమ్మల్ని 'నువ్వెవరు?' అని అడుగుతోందని అర్థం. బ్రౌజర్ అయితే పాస్‌వర్డ్ బాక్స్ చూపించి మిమ్మల్ని అడుగుతుంది. మిగతా ప్రోగ్రాములన్నీ అంత మర్యాదగా అడుగుతాయన్న గ్యారంటీ లేదు. సర్టిఫికెట్ మీద హెచ్చరిక వస్తే అది ఎవరి పేరున ఉందో చూడండి. కొన్ని ప్రాక్సీలు ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ను మధ్యలో విప్పి, తనిఖీ చేసి, సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ కట్టి పంపుతాయి. మామూలు సైట్లు దాన్ని తట్టుకుంటాయి. గేట్‌వే కనెక్షన్ తట్టుకోకపోవచ్చు. అప్పుడు ఆ ఒక్క పేరును తనిఖీ నుంచి మినహాయించాల్సింది ఐటీ విభాగమే.

దీనికి తిరకాసు కేసు ఒకటుంది, పండగలకు మరీ ఎక్కువ. ఆఫీసులో ప్రాక్సీ అడ్రస్‌ను చేత్తో నింపిన లాప్‌టాప్ ఊరికి వస్తుంది. ఆ ప్రాక్సీ అడ్రస్ ఆఫీసు గోడల మధ్యే ఉంటుంది. ఒంటిమిట్టలో మీ ఇంటి వైఫైకి అదెవరో తెలియదు. అప్పుడు రిమోటే కాదు, ఏ సైటూ తెరుచుకోదు. పాపం, ఇంటికొచ్చిన కేబుల్ నెట్ అబ్బాయి రూటర్ మార్చి, వైరు మార్చి, చివరికి తల పట్టుకుంటాడు. ఫోనులో నెట్ వస్తూ లాప్‌టాప్‌లో మాత్రం రాకపోతే ప్రాక్సీ సెట్టింగు చూడాలన్నది అనుభవం మీద తెలిసే మాట. ఇంకొకటి: ఇంటి రూటరూ, ఆఫీసు నెట్‌వర్కూ రెండూ 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లే వాడుతుంటే, వీపీఎన్ కలిసినా మీరు పిలిచిన డెస్క్‌టాప్ కోసం లాప్‌టాప్ మీ ఇంట్లోనే వెతుక్కుంటూ కూర్చోవచ్చు.

ఇక అన్నిటికంటే సిగ్గుపడాల్సిన కారణం. నిన్న సాయంత్రం పని ముగించి, అలవాటు కొద్దీ రిమోట్‌లోనే షట్‌డౌన్ నొక్కేశారా? ఆఫీసులో ఎవరైనా వెళ్లి బటన్ నొక్కేదాకా ఏ ప్రాక్సీని తిట్టినా లాభం లేదు. నొక్కాల్సింది డిస్‌కనెక్ట్. ఇది జరిగితే దాచకండి, నేరుగా చెప్పండి. ఐటీ వాళ్లు ఇలాంటివి ఎన్నో చూసుంటారు.

ఇంతలో స్నేహితుడి ఫోన్ వస్తుంది. 'రేయ్, ఇంత తతంగం ఎందుకురా? ఎనీడెస్క్ వేసుకో, రెండు నిమిషాల పని. లేకుంటే ప్రాక్సీ తీసేయ్.' వాడు చెప్పింది పనిచేయదని మేం అనడం లేదు. పనిచేస్తుంది కూడా. అందుకే అది ప్రమాదం. ప్రాక్సీ అక్కడుండడం పొరపాటున జరిగింది కాదు, కంపెనీ తీసుకున్న నిర్ణయం. అనుమతి లేని రిమోట్ సాఫ్ట్‌వేర్ వేసినా, ఆఫీసులో కూర్చుని కంపెనీ లాప్‌టాప్‌ను సొంత ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి ప్రాక్సీని తప్పించుకున్నా, చేరిన రోజు మీరు సంతకం పెట్టిన పాలసీని దాటినట్టే. ఆ కాగితాలు మీరు చదివి ఉండరు. ఎవరూ చదవరు. కానీ హెచ్ఆర్ ముందు కూర్చున్నప్పుడు సంతకం మీదే ఉంటుంది. ప్రొబేషన్‌లో ఉన్నవారిని ఇంటికి పంపడానికి పెద్ద విచారణలేం అక్కర్లేదు.

ఇదంతా అతిజాగ్రత్త అనుకుంటే 2019 మే నెలలో ఏం జరిగిందో చూడండి. పాత విండోస్ వెర్షన్లలోని రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసులో ఒక లోపం బయటపడింది. బ్లూకీప్ అని పేరుపడింది. పాస్‌వర్డ్ లేకుండానే, అవతలివారు ఏమీ నొక్కకుండానే లోపలికి చొరబడే వీలుందని తేలింది. ఎంత తీవ్రమంటే, 2014లోనే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్లీ ప్యాచ్ విడుదల చేసింది. 3389 పోర్టును ఇంటర్నెట్ మీద బార్లా తెరిచి పెట్టిన కంప్యూటర్ల కోసం రాన్సమ్‌వేర్ ముఠాలు నిరంతరం వెతుకుతూనే ఉంటాయి. 'ఇంటి రూటర్‌లో పోర్ట్ ఓపెన్ చేస్తే చాలు' అని చెప్పే వీడియో చూసి మీరు చేసేది ఆ పనే.

కంపెనీలను కూడా ఒక మాట అనాలి. గేట్‌వే పేరు మారిస్తే ఒక మెయిల్ వేసి చేతులు దులుపుకుంటారు. కొత్తగా చేరినవారికి 'రిమోట్ రాకపోతే ఇవి చూడండి, ఇవి చేయకండి' అని అర పేజీ రాసివ్వరు. హెల్ప్‌డెస్క్ నంబరు వీపీఎన్ లోపలి సైట్‌లో పెట్టి, వీపీఎన్ రాకపోతే ఆ నంబరుకు ఫోన్ చేయమంటారు! ఫ్రెషర్లు అడ్డదారులు తొక్కుతున్నారంటే, అసలు దారి చూపని పెద్దవాళ్ల వాటా కూడా అందులో ఉంది. అయినా రేపు అప్రైజల్‌లో మార్కులు తగ్గేది మీకే. అందుకే ఆ హెల్ప్‌డెస్క్ నంబరును ఊరికి బయల్దేరే ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రిమోట్‌ను ఆఫీసు బయటి నుంచి, పీజీ వైఫై మీద ఒకసారి పరీక్షించుకుని బస్సెక్కండి.

కాలేజీల సంగతి వేరే చెప్పాలా? ఏడు లేయర్ల పేర్లు వరసగా అప్పజెప్పే విద్యార్థులు కడపలోనూ, కర్నూలులోనూ కొల్లలు. మీ ల్యాబ్‌లోనూ ప్రాక్సీ ఉండే ఉంటుంది. దాని పోర్టు నంబరెంతో, అది దేన్ని ఆపుతోందో ఎప్పుడైనా అడిగారా? అడక్కపోతే ఇంట్లోనే చేసి చూడొచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు పెట్టి, స్క్విడ్ ఇన్‌స్టాల్ చేయండి. మామూలుగా అది 3128 పోర్టు మీద వింటుంది. బ్రౌజర్‌ను దానికి కలపండి, సైట్లు వస్తాయి. తర్వాత పుట్టీ అనే ఉచిత ప్రోగ్రాంలో ఇదే ప్రాక్సీ పెట్టి, మీదే అయిన మరో మెషీన్‌లో 3389కి కలపమనండి. స్క్విడ్ లాగ్ తెరిస్తే 'డినైడ్' అనీ, 403 అనీ ఒక వరుస కనిపిస్తుంది. ఆ ఒక్క వరుస మీ కళ్లతో చూస్తే ప్రాక్సీ మీద వంద స్లైడ్ల పాఠం అక్కర్లేదు. రిమోట్‌ను అందుకునే మెషీన్‌లో విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే మాత్రం కుదరదు, ప్రో కావాలి. లేదా మైక్రోసాఫ్ట్ 180 రోజులకు ఉచితంగా ఇచ్చే విండోస్ సర్వర్ ఎవాల్యుయేషన్ కాపీ వేసుకోండి.

ఈ కసరత్తు ఇంటర్వ్యూలో నేరుగా అక్కరకొస్తుంది. సర్వీస్ డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్తే ఇలాంటి ప్రశ్న రాక తప్పదు: 'యూజర్ ఫోన్ చేసి రిమోట్ డెస్క్‌టాప్ రావట్లేదన్నాడు. ఏం చేస్తావ్?' ఎక్కువమంది 'సిస్టం రీస్టార్ట్ చేయమంటాను సార్' అని మొదలుపెడతారు. మీరు ఎదురు ప్రశ్నలతో మొదలుపెట్టండి. నిన్న వచ్చిందా? ఆయనకొక్కడికేనా, పక్కవాళ్లకీ రావట్లేదా? ఇంటి నుంచా, ఆఫీసు నుంచా? తెర మీద ఏమని వచ్చింది? ఈ నాలుగూ అడిగిన అభ్యర్థిని బోర్డు తలెత్తి చూస్తుంది. జవాబు పూర్తిగా తెలియకపోయినా ఫర్వాలేదు. 'ఇక్కడిదాకా చూస్తాను, ఆ తర్వాత నెట్‌వర్క్ టీమ్‌కు ఈ వివరాలతో పంపిస్తాను' అనడం తప్పు సమాధానం కాదు. ఉద్యోగంలో చేయాల్సిందీ అదే.

మళ్లీ మిద్దె మీది గదికి వద్దాం. 'సార్, రిమోట్ పనిచేయట్లేదు' అన్నదాన్ని చెరిపేసి, ఇలా రాశారనుకోండి:

'ఈ రోజు ఉదయం 9.30 నుంచి రిమోట్ డెస్క్‌టాప్ కలవట్లేదు. నిన్న రాత్రి 8 వరకు ఆఫీసు నుంచి, పీజీ నుంచి బాగానే వచ్చింది. ఇప్పుడు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద ఉన్నాను. గేట్‌వే అందుబాటులో లేదన్న ఎర్రర్ స్క్రీన్‌షాట్ జతచేశాను. గేట్‌వే పేరుకు ఐపీ వస్తోంది, 443 పోర్టు నేరుగా తెరుచుకుంటోంది. కానీ అదే అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే మన ప్రాక్సీ బ్లాక్ పేజీ వస్తోంది, అదీ జతచేశాను. నా టీమ్‌లో మరొకరికి కూడా ఇంటి నుంచి ఇదే ఎర్రర్. నేను ఏ సెట్టింగూ మార్చలేదు. ఇది సరయ్యేలోపు మెయిల్లోనే ఉన్న టెస్ట్ రిపోర్టుల పని పూర్తిచేస్తున్నాను.'

దీన్ని హెల్ప్‌డెస్క్‌కు పంపి, కాపీ మేనేజర్‌కు పెట్టండి. ఇలాంటి టికెట్‌ను అందుకున్న ఇంజినీరు మళ్లీ మీకు ఫోన్ చేసి 'లాప్‌టాప్ ఆన్‌లో ఉందా?' అని అడగడు. తిన్నగా ప్రాక్సీ జాబితా తెరిచి ఆ గేట్‌వే పేరు కోసం వెతుకుతాడు. ఈ మధ్యే మార్చిన కొత్త పేరు అందులో చేరలేదని కనిపిస్తే, చేర్చి రెండు ముక్కలు రాస్తాడు: 'అప్‌డేట్ చేశాం. ఒకసారి సైన్ అవుట్ అయి, మళ్లీ ప్రయత్నించండి.'